దారి మీద ఫిరంగి గుండ్లు

రెండు ఫొటోలు. ఒకటే చోటు, ఒకటే కెమెరా, స్టాండు కూడా కదల్లేదు. రెండు పక్కలా బోడి గుట్టల వాలు, మధ్యలో పల్లం, ఆ పల్లంలోంచి పోయే మట్టిదారి. మనిషి లేడు, చెట్టు లేదు, ఆకాశం ఏమీ రాయని కాగితంలా ఉంది. మొదటి ఫొటోలో ఫిరంగి గుండ్లన్నీ దారి పక్కన గుంటలో పడున్నాయి. దారి ఖాళీ. రెండో ఫొటోలో గుంటలోనూ ఉన్నాయి, దారి మీద కూడా చెల్లాచెదురుగా ఉన్నాయి.

మొదటిది, రెండోది అని రాసేశాను గానీ, నూట యాభై ఏళ్ళ తర్వాత లేచిన గొడవంతా అక్కడే ఉంది. ఏది మొదటిది? ఈ ప్రశ్న పట్టుకుని ఒకాయన అమెరికా నుంచి క్రిమియా దాకా వెళ్ళొచ్చాడు. ఆయన సంగతికి తర్వాత వస్తాను. ముందు ఫొటో తీసినవాడి సంగతి.

రోజర్ ఫెంటన్. 1819లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టాడు. లా చదివాడు, మధ్యలో చిత్రకళ నేర్చుకున్నాడు, చివరికి ఫొటోగ్రఫీ పట్టుకున్నాడు. 1853లో లండన్‌లో ఫొటోగ్రఫిక్ సొసైటీ పెట్టినప్పుడు దానికి మొదటి కార్యదర్శి ఆయనే. 1855లో మాంచెస్టర్‌కు చెందిన ఆగ్న్యూ అనే ప్రచురణకర్తలు ఆయన్ని క్రిమియా యుద్ధానికి పంపారు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ పరిచయ లేఖలు ఇచ్చాడు. అప్పటికే టైమ్స్ పత్రికలో విలియం హోవర్డ్ రసెల్ రాసిన వార్తలు ఇంగ్లండును కుదిపేస్తున్నాయి. సైనికులు తూటాలకన్నా ఎక్కువగా చలికీ, కలరాకీ చచ్చిపోతున్నారని జనానికి తెలిసిపోయింది. ఆ జనవరి ఆఖరున ప్రభుత్వమే పడిపోయింది. ఫెంటన్‌ను అబద్ధం చెప్పి రమ్మని ఎవరైనా పంపారా అంటే, అంత సూటి ఆదేశం అక్కర్లేదు. రాజు చేతి ఉత్తరం జేబులో పెట్టుకుని, పెద్దమనుషుల ఇళ్ళల్లో గోడకు తగిలించుకునే బొమ్మలు అమ్మాలనుకునే కంపెనీ డబ్బుతో వెళ్ళినవాడు ఏం తీసుకొస్తాడో ఊహించడం కష్టం కాదు. ఆయన మూడొందల యాభైకి పైగా నెగటివ్‌లతో తిరిగొచ్చాడు. వాటిలో ఒక్క శవం లేదు.

కానీ పనిలో ఆయన పడ్డ కష్టం మాత్రం అబద్ధం కాదు. అప్పటి పద్ధతిని తడి కొలోడియన్ అనేవాళ్ళు. గాజు పలక మీద జిగటగా ఉండే కొలోడియన్ పొయ్యాలి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తియ్యాలి, తడి ఆరకముందే మళ్ళీ చీకట్లోకి తెచ్చి కడగాలి. అంటే డార్క్‌రూమ్ మీ వెంటే నడవాలి. ఫెంటన్ ఒక సారా వ్యాపారి దగ్గర పాత బండి కొని, దాన్ని డార్క్‌రూమ్‌గా మార్చుకుని, ఓడలో వేసుకుని పోయాడు. ఎండ ముదిరాక ఆ బండిలో నిలబడటమే గగనమైపోయింది. పలక మీద పోసిన కొలోడియన్ సగం పరుచుకోకముందే ఎండిపోయేది. ఒక్కో ఫొటోకి కొన్ని సెకన్లు ఎక్స్‌పోజర్ కావాలి కాబట్టి యుద్ధం జరుగుతుంటే తియ్యడం సాధ్యమే కాదు. ఫిరంగి పేలేది ఒక్క క్షణంలో. కెమెరాకి పేలిన తర్వాతే మిగులుతుంది.

అందుకే యుద్ధ ఫొటోగ్రఫీ మొదట్లో నేల ఫొటోగ్రఫీ అయింది. మన భాషలో ల్యాండ్‌స్కేప్‌ని ‘ప్రకృతి దృశ్యం’ అంటాం. ఆ మాట వినగానే కొండా, కోనా, కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయి. ఈ రెండు ఫొటోల్లో ప్రకృతి అనదగ్గది ఏముంది? బండిచక్రాలు నలిపిన దారి, ఇనప గుండ్లు. అయినా చిత్రకళలో చూస్తే ఇది ల్యాండ్‌స్కేపే. దిగువన నేల, పైన ఆకాశం, కంటిని లోపలికి లాక్కెళ్ళే దారి.

ఆ చోటుకు సైనికులు పెట్టుకున్న పేరు బైబిల్లోంచి వచ్చింది. 23వ కీర్తనలో ఉండే లోయ. ఇంగ్లీషులో దాని పేరు మృత్యుచ్ఛాయ లోయ. మన తెలుగు బైబిల్లో అది గాఢాంధకారపు లోయ. ఆ కీర్తన వినని క్రైస్తవ కుటుంబం తెలుగునాట ఉండదు, కానీ తెలుగులో వినేవాళ్ళకు ఆ లోయలో చీకటే ఉంటుంది గానీ చావు పేరు వినిపించదు. ఇంగ్లీషు సైనికులకు మాత్రం చావే ముందు వినిపించింది. సెవస్తపోల్ కోటను ముట్టడించిన బ్రిటిష్ సేనలు కందకాల దగ్గరికి పోవడానికి వాడే పల్లం అది. రష్యన్ ఫిరంగుల గుండ్లు దొర్లుకుంటూ వచ్చి అందులో పడేవి.

పేరు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 1854 అక్టోబర్ 25న లైట్ బ్రిగేడ్ అనే గుర్రపు దళం ఎవరో సరిగ్గా అర్థం చేసుకోని ఆజ్ఞ పుణ్యమా అని ఫిరంగుల నోట్లోకి దూసుకుపోయింది. డిసెంబర్‌కల్లా టెన్నిసన్ దాని మీద పద్యం రాశాడు. అందులోనూ చావు లోయ అనే మాట ఉంది. లండన్ జనానికి ఆ పద్యం నోటికి వచ్చు. ఫెంటన్ ఫొటో చూసి, దాని కింద పేరు చదివి, ఇదే ఆ గుర్రాలు పోయిన చోటు అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ తప్పేముంది? అసలు ఆ లోయ ఇక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో ఉంది. ఇక్కడ గుర్రపు దళం ఏదీ దూకలేదు. నేను అడిగితే, గుండ్లు ఎవరు జరిపారన్నదానికన్నా పెద్ద భ్రమ ఇదే. ఫొటోలో గీతైనా మార్చకుండా కింద నాలుగు మాటలతో మొత్తం మార్చెయ్యొచ్చు.

ఆ రోజు ఏం జరిగిందో ఫెంటన్ మర్నాడు భార్యకి రాసిన ఉత్తరంలో ఉంది. అనుకున్న చోటుకి పోతే గుండ్లు పడుతున్నాయి, అందుకని ఇంకాస్త వెనక్కి వచ్చి కెమెరా పెట్టాడు. గంటన్నర అక్కడ ఉన్నాడు, రెండు మంచి బొమ్మలు దొరికాయి. అంతే. గుండ్లు జరిపినట్టు ఒక్క ముక్క లేదు. ఇంకో ముచ్చట నాకు భలే ఇష్టం. ఆ రోజే బయల్దేరేముందు ఆయన సహాయకుడు మార్కస్ స్పార్లింగ్ అన్నాట్ట, ఈ ప్రయాణం బండికో బండివాడికో ఆఖరిది కావచ్చు, ఒక ఫొటో తీసుకుంటే మంచిదని. బండి ముందు సీటులో స్పార్లింగ్ కూర్చున్న ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఖాళీ లోయ ఫొటోలో లేని భయం నాకు ఈ బండి ఫొటోలో కనిపిస్తుంది.

సూసన్ సాంటాగ్ 2003లో వచ్చిన తన పుస్తకంలో (ఇతరుల బాధను చూడటం గురించిన పుస్తకం అది) ఫెంటన్ దగ్గరుండి గుండ్లను దారి మీద చల్లించాడని తేల్చి రాసింది. అంతకుముందు ఉల్రిక్ కెల్లర్ అనే చరిత్రకారుడిదీ దాదాపు అదే మాట: ఖాళీ దారి ముందు, గుండ్ల దారి తర్వాత, ప్రమాదం ఎక్కువ కనబడాలని ఫెంటన్ చేసిన నాటకం. ఈ వాక్యాలు చదివి ఎరల్ మోరిస్‌కి నిద్ర పట్టలేదు. మోరిస్ డాక్యుమెంటరీ దర్శకుడు. 1988లో తీసిన ‘ది థిన్ బ్లూ లైన్’ ఒక హత్యకేసులో అన్యాయంగా జైల్లో ఉన్న మనిషిని బయటికి తెచ్చింది. ఆ సినిమాకి ముందు కొన్నాళ్ళు ప్రైవేటు డిటెక్టివ్‌గా కూడా పనిచేశాడు. ఆయన అడిగింది ఒక్కటే: ఏ ఫొటో ముందో మీకెలా తెలుసు? ఫెంటన్ మనసులో ఏముందో మీకెవరు చెప్పారు?

2007లో న్యూయార్క్ టైమ్స్‌లో మూడు భాగాలుగా రాసిన వ్యాసంలో మోరిస్ ఈ విచారణంతా పెట్టాడు. నిపుణుల్ని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరి దగ్గర చూసినా మనస్తత్వమే తప్ప సాక్ష్యం లేదు. ఖాళీ దారి ముందు అనేవాళ్ళకు ఫెంటన్ నాటకాలరాయుడు. గుండ్ల దారి ముందు అనేవాళ్ళకు ఒక వివరణ ఉంది: రష్యన్ గుండ్లు మళ్ళీ వాడుకోవడానికి సైనికులు ఏరుకుపోయేవాళ్ళు, అలా దారి ఖాళీ అయిందని. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది వ్యవహారం. మోరిస్ క్రిమియా వెళ్ళి ఆ లోయ వెతికి పట్టుకున్నాడు. సెవస్తపోల్‌లోని మ్యూజియంలో ఒక పాత ఫిరంగి గుండు అడిగి తెచ్చి, అక్కడ పెట్టి, ఎండ ఏ వేళకు ఎటు పడుతుందో నీడలు కొలిచాడు. నీడలు ఏమీ తేల్చలేదు.

తేల్చింది రాళ్ళు. డెనిస్ పర్సెల్ అనే మోరిస్ మిత్రుడు రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూశాడు. అందరూ గుండ్లను చూస్తున్నారు, ఆయన వాలు మీది చిన్న చిన్న రాళ్ళను చూశాడు. ఖాళీ దారి ఫొటోలో ఆ రాళ్ళు కాస్త పైన ఉన్నాయి. గుండ్ల దారి ఫొటోలో అవే రాళ్ళు కాస్త కిందికి జారి ఉన్నాయి. రెండు ఫొటోల మధ్య ఎవరో ఆ వాలు మీద నడిచారు, కాళ్ళకు తగిలి రాళ్ళు దొర్లాయి. రాయి కిందికి దొర్లుతుంది, పైకి దొర్లదు. కాబట్టి ఖాళీ దారే ముందు. ఆ రాళ్ళకు ఫ్రెడ్, ఆస్వాల్డ్, మార్మడ్యూక్, లయనెల్, జార్జ్ అని పేర్లు కూడా పెట్టుకున్నారు వీళ్ళు. ఫెంటన్ ఫొటో తీస్తున్నప్పుడు వాటిని అసలు చూసి ఉండడు. ఆయన ఏం చూపించాలనుకున్నా, కెమెరా వాటిని కూడా పట్టేసుకుంది.

మోరిస్ వ్యాసం చదివాక నేను రెండు ఫొటోలనూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకుని ఆ రాళ్ళ కోసం వెతికాను. గుర్తులు పెట్టిన బొమ్మ పక్కన లేకపోతే కనిపించవు. ఒకసారి కనిపించాక మాత్రం గుండ్లు కనిపించడం మానేస్తాయి.

సాంటాగ్ సరైన చోటికే చేరింది, దారి మాత్రం చూపించలేదు. అది మోరిస్ చూపించాడు. ఇంతా చేసి మోరిస్ ఏమంటాడంటే, గుండ్లు తర్వాత వచ్చాయని తేలింది గానీ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది రాళ్ళు చెప్పవు. ఆయన జాగ్రత్త నాకు నచ్చుతుంది గానీ, నా మటుకు నాకు ఫెంటనే పెట్టించాడనిపిస్తుంది. గంటన్నరలో, గుండ్లు పడేచోట, ఒకే స్టాండు మీద రెండు పలకలు తీసినవాడికి రెండోది ఎందుకు తియ్యాలనిపించిందో దారి చూస్తే తెలిసిపోతుంది. అయితే దాన్ని నేరంలా చూడలేను. దాచాలనుకున్నవాడైతే ఖాళీ దారి పలకని పగలగొట్టేవాడు. గాజు పలక, చేతిలోంచి జారినా చాలు. ఆయన రెండూ ఇంటికి తెచ్చాడు.

ఇంకో సంగతి ఆలోచించండి. ఖాళీ దారి ఫొటోని మనం ‘ఉన్నది ఉన్నట్టు’ అనుకుంటున్నాం. ఫిరంగి గుండుకి దారేదో గుంటేదో తెలుసా? నెలల తరబడి పడ్డ గుండ్లన్నీ గుంటలోనే పడి దారి మీద ఒక్కటీ పడలేదంటే నమ్మాలా? బండ్లు పోయే దారి అది. చక్రానికి అడ్డమొచ్చిన గుండును ఎవడో సిపాయి కాలితో పక్కకు నెట్టే ఉంటాడు. ఆ లెక్కన ఖాళీ దారి కూడా ఎవరో సర్దిందే. ఫెంటన్ మళ్ళీ సర్దాడు. కెమెరా రాకముందు సర్దితే వాస్తవం, వచ్చాక సర్దితే మోసం అంటున్నాం మనం.

అదే ఏప్రిల్ నెలలో, అదే ఊళ్ళో, గోడకు అవతలి పక్క ఇంకొకాయన ఉన్నాడు. లియో టాల్‌స్టాయ్, ఇరవై ఆరేళ్ళ ఫిరంగిదళ అధికారి. సెవస్తపోల్ నాలుగో బురుజులో డ్యూటీ. ఫెంటన్ ఫొటోలోని గుండ్లలో ఆయన పేల్పించినవి ఉన్నాయని నేననను, అంత అదృష్టం చరిత్రకు దక్కదు. కానీ ఆయన ‘సెవస్తపోల్ కథలు’ మొదలైంది ఆ బురుజు మీదే. వాటిలో రెండోదాన్ని రష్యన్ సెన్సార్ కోసి కోసి వదిలింది. ఆ కథల్లో ఆసుపత్రి ఉంది, కోసేసిన కాళ్ళున్నాయి, శవాలున్నాయి. ఫెంటన్ దగ్గర లేనివన్నీ ఉన్నాయి. అవి కల్పిత కథలు. ఇవి ఫొటోలు.

ఫెంటన్ శవాలు తియ్యలేదని అన్నాను కదా. శవాలు తీసినవాడు మన దగ్గరికే వచ్చాడు. ఫెలీచే బియాటో ఇటలీవాడు. ఫెంటన్ కలరా పట్టుకుని క్రిమియా నుంచి వెళ్ళిపోయాక, జేమ్స్ రాబర్ట్‌సన్‌తో కలిసి అక్కడ ఫొటోలు తీశాడు. 1858 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగి, అక్కణ్ణుంచి లక్నో చేరాడు. అక్కడ సికందర్ బాగ్ అనే తోట ఉంది, చుట్టూ ఎత్తయిన గోడ. 1857 నవంబర్ 16న కోలిన్ కాంప్‌బెల్ సేన ఆ గోడ పగలగొట్టి లోపలికి పోయి, దొరికినవాళ్ళను దొరికినట్టు చంపింది. సుమారు 2,000 మంది సిపాయిలు చనిపోయారు. బియాటో ఫొటోలో శిథిలమైన భవనం, దాని ముందు ఆవరణ, ఆవరణంతా పుర్రెలు, ఎముకలు. ఒక గుర్రం, కొందరు భారతీయులు నిలబడి ఉన్నారు. శీర్షికలో ఆ 2,000 మంది లెక్క, చంపిన పటాలాల పేర్లూ ఉన్నాయి, అది హత్యాకాండ ‘తర్వాత’ తీసిన దృశ్యం అని ఉంది. ఆ ‘తర్వాత’ అన్న మాటలో నాలుగు నెలలకు పైగా ఇరుక్కుని ఉన్నాయి.

జార్జ్ కాంప్‌బెల్ అనే బ్రిటిష్ అధికారి తర్వాతెప్పుడో తన జ్ఞాపకాల్లో రాశాడు, ఫొటోగ్రాఫర్ వచ్చేటప్పటికే శవాల్ని మట్టి కప్పేశారనీ, ఆయన పట్టుబట్టి తవ్వించి బయటపెట్టించాడనీ. ఫెంటన్ గుండ్లు జరిపాడు, ఈయన మనుషుల్ని జరిపించాడు. ఆ ఎముకలు ఎవరు పేర్చి ఉంటారు? బియాటో వంగి ఏరి ఉండడు. ఫొటోలో నిలబడ్డ మనుషుల వైపు నేను అందుకే ఎక్కువసేపు చూస్తాను.

చిత్రమేమిటంటే ఈ ఫొటో అబద్ధమని నేను అనలేను. ఆ రెండు వేలమంది నిజంగానే చచ్చారు, నిజంగానే అక్కడే చచ్చారు. కప్పేసిన మట్టి చెప్పే అబద్ధం కన్నా ఆ ఎముకలే నిజానికి దగ్గర. కానీ వాటిని బయటికి తీసింది చనిపోయినవాళ్ళ కోసం కాదు. తిరగబడితే గతి ఇదీ అని చూపించే బొమ్మ అది, కొనుక్కున్నది ఇంగ్లీషువాళ్ళు. సికందర్ బాగ్‌లో రావిచెట్టెక్కి బ్రిటిష్ సిపాయిల్ని కాల్చిందని పాసీ కులస్థులు ఈనాటికీ చెప్పుకునే ఊదాదేవికి అక్కడ విగ్రహం ఉంది. ఆమె కథ ఆ ఫొటోలో లేదు, శీర్షికలోనూ లేదు.

ఆకాశాల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఆ కాలం రసాయనాలకు నీలం రంగంటే అతి ప్రీతి. నేల సరిగ్గా పడేంతసేపు ఉంచితే ఆకాశం మాడి తెల్లగా అయిపోయేది. ఫెంటన్ లోయ మీద మబ్బులు లేకపోవడానికి ఇదే కారణం కావచ్చు, ఆ రోజు వాతావరణంతో దానికి సంబంధమే ఉండకపోవచ్చు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే దీనికి విరుగుడు కనిపెట్టాడు. సముద్రం ఒక నెగటివ్, మబ్బులు ఇంకో నెగటివ్, రెండూ కలిపి ఒక ప్రింటు. ఒకే మబ్బులు రెండు వేర్వేరు సముద్రాల మీద తేలిన ఫొటోలు కూడా ఉన్నాయి. 1856, 57 ప్రాంతంలో జనం వాటిని చూసి ముక్కున వేలేసుకున్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా ఉన్న లిన్నేయస్ ట్రైప్ అయితే ఏకంగా నెగటివ్ మీద కుంచెతో మబ్బులు గీసేవాడు. మదురై, తంజావూరు ఫొటోలతో మనకు తెలిసిన ట్రైపే. అమరావతి నుంచి మద్రాసు చేరిన శిల్పాలను, అవి లండన్‌కు ఓడెక్కకముందు 1858లో ఫొటోలు తీసింది కూడా ఆయనే. ఆ శిల్పాల ఫొటోల్ని ఇప్పటికీ సాక్ష్యాలుగా వాడతారు, వాడాలి కూడా. మన ఊరి స్టూడియోల్లో పెన్సిల్‌తో ‘టచింగ్’ చేసినవాళ్ళకు ట్రైప్ మబ్బులు ఏ మాత్రం వింతగా అనిపించవు. ప్రభుత్వ రికార్డు కోసం తీసిన ఫొటోలో కుంచె మబ్బు ఉందంటే ఆనాడెవరూ ఉద్యోగం పీకెయ్యలేదు.

ఫెంటన్ 1862లో ఫొటోగ్రఫీ వదిలేశాడు. కెమెరాలూ నెగటివ్‌లూ వేలం వేసి మళ్ళీ లా ప్రాక్టీసుకు పోయాడు. 1869లో చనిపోయాడు. 2002లో పాల్ సీరైట్ అనే ఐరిష్ ఫొటోగ్రాఫర్‌ని లండన్ యుద్ధ మ్యూజియం అఫ్గానిస్తాన్ పంపితే, ఆయన కూడా మనుషుల్లేని నేల తీసుకొచ్చాడు. అందులో ఒకటి ఎడారి కొండల మధ్య దారి, దారంతా ఫిరంగి గుళ్ళ తొడుగులు. దాని పేరు ‘లోయ’. చూడగానే ఫెంటన్ గుర్తొస్తాడు, రావాలనే తీశాడు. మ్యూజియం గోడ మీద ఇదంతా ఒక కళాకారుడు ఇంకో కళాకారుడికి పెట్టిన నమస్కారంలా ఉంటుంది.

అన్ని దారులూ మ్యూజియం గోడ మీదికి పోవు. 2022 ఏప్రిల్ మొదట్లో, ఉక్రెయిన్‌లోని బూచా పట్నం నుంచి రష్యన్ సైన్యం వెళ్ళిపోయాక, యాబ్లున్‌స్కా వీధిలో శవాలు పడున్న వీడియోలు బయటికొచ్చాయి. రష్యా రక్షణ శాఖ వెంటనే అంది: మేం మార్చి 30నే వెళ్ళిపోయాం, మేమున్నప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు, ఇదంతా తర్వాత ఆడిన నాటకం. ఫెంటన్ మీద వచ్చిన అభియోగమే, మాటమాటా అదే. ఖాళీ దారి ముందు, నిండిన దారి తర్వాత. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ఉపగ్రహాలు తీసిన ఆ వీధి చిత్రాలను తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూశారు. పైనుంచి చూస్తే శవం ఒక నల్లటి మచ్చ. ఏప్రిల్ వీడియోలో శవాలు ఏ చోట ఉన్నాయో, సరిగ్గా ఆ చోట్లలోనే మార్చి రెండో వారం నుంచీ మచ్చలున్నాయి, వీధి రష్యన్ల చేతిలో ఉన్నప్పుడే. మూడు వారాల పాటు ఏ చిత్రంలోనూ అవి కదల్లేదు.